ఊరేగింపు దరువు, ఇంటి కంప్యూటరు: అనంతపురం పీఠభూమిలో ఎలక్ట్రానిక్ నృత్యసంగీతం

యంత్రాలతో పుట్టించిన ధ్వనులను ఒకే వేగంతో, ఎడతెగని తాళంతో పేర్చి, జనం గుంపుగా ఆడటానికి అనువుగా కూర్చే సంగీతాన్ని ఎలక్ట్రానిక్ నృత్యసంగీతం అంటారు. దాని చరిత్ర రాసేవారు సాధారణంగా 1980ల నాటి షికాగో, డెట్రాయిట్ నగరాల నృత్యశాలలతో మొదలుపెడతారు. అనంతపురం పీఠభూమి విషయంలో ఆ మొదలు పనికిరాదు. ఇక్కడి ఊళ్లలో నృత్యశాల అనే చోటు లేదు. ఆట వీధిలోనో, జాతరలోనో, ఊరేగింపు ముందరో సాగింది. కనుక ఈ ప్రాంతంలో ఇంటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని డీజే పాటలు తయారుచేసే యువకుల పని అర్థం కావాలంటే ముందు తప్పెటను, ఉరుమును, చెక్కభజనను గమనించి, తరువాత మద్రాసు సినిమా రికార్డింగు గదుల మీదుగా ఇంటి బల్ల దగ్గరకు రావలసి ఉంటుంది. ఈ దారి పొడవునా కొనసాగిన మార్పు ఒకటుంది: ఊరిని ఆడించడానికి కావలసిన మనుషుల సంఖ్య అంచెలంచెలుగా తగ్గుతూ వచ్చింది.

1882లో బళ్లారి నుంచి విడదీసి ఏర్పరచిన అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్‌లో రెండుగా చీలింది. దక్షిణ భాగం శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఇక్కడ పీఠభూమి అన్నప్పుడు ఈ రెండు జిల్లాలనూ కలిపి చెప్పుకోవాలి. నైరుతి మేఘాలను పశ్చిమ కనుమలు అడ్డగించడం వల్లా, ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడటం వల్లా ఈ నేలకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది, అదీ కాలానికి కురిస్తేనే. వర్షాధారపు వేరుశనగ మీద ఆధారపడిన ఊళ్లలో జాతర ఖర్చు పంటను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. మేళగాళ్లను పిలవడం, వారికి అన్నం పెట్టడం, ఈనాము ఇవ్వడం ఆ ఖర్చులో పెద్ద భాగమే. తక్కువమందితో ఎక్కువ చప్పుడు పుట్టించే ఏ సాధనమైనా ఇటువంటి చోట తేలిగ్గా నిలదొక్కుకోవడంలో ఆశ్చర్యపడవలసింది లేదు.

పాత వాద్యాల్లో తప్పెట అన్నిటికంటే సామాన్యమైనది. గుండ్రని కొయ్య చట్రానికి ఒకవైపు తోలు బిగించి, మంట దగ్గర కాచి, బిగువు తెచ్చి, కుడిచేతి చిర్రతోనూ ఎడమచేతి చిటికెన పుల్లతోనూ వాయించే ఈ వాద్యాన్ని ఇతర ప్రాంతాల్లో డప్పు అంటారు, కొన్నిచోట్ల పలక అంటారు. ఉరుము ఈ జిల్లాకు ప్రత్యేకమైన గుర్తింపు తెచ్చిన వాద్యం. ఇది రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని పుల్లతో కొడుతూ, రెండో ముఖం మీద వంపు తిరిగిన పుల్లను ఒత్తి రాస్తారు. రాపిడి వల్ల పుట్టే ఆ ధ్వని ఒక స్థాయి వద్ద నిలవక, చేతి ఒత్తిడిని బట్టి జారుతూ, మూలుగుతూ, పైకి లేస్తూ ఉంటుంది. గ్రామదేవతల కొలుపుల్లో ఉరుములవారు వలయంగా నిలిచి, వాయిస్తూనే అడుగులు వేసి ఆడతారు; అంటే వాయించేవాడు, ఆడేవాడు వేరువేరు కాదు. చెక్కభజనలోనూ అంతే, చేతిలోని చిరుగజ్జెల చెక్కలే తాళం, పట్టుకున్నవాడే నర్తకుడు. నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయప్ప స్వామి పేరిట జరిగే పీర్ల పండుగలో హిందువులు, ముస్లిములు కలిసి గుండం చుట్టూ ఆడతారు. ఆ పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన పరిశోధన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది.

ఈ వాద్యాలను కళ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు. తప్పెట వాయించడం మాదిగలకు, ఉరుము వాయించడం మాలల్లోని ఒక వర్గానికి కులం విధించిన బాధ్యతగా ఉండేది. చావుకు, దేవర ఊరేగింపుకు, ఊరి చాటింపుకు పిలిస్తే పోవాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి, గుడి బయటే నిలబడాలి. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో చాలా ఊళ్లలో దళిత యువకులు ఈ వెట్టిని నిరాకరించారు. మరోవైపు 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం అదే వాద్యాన్ని భుజాన వేసుకుని, దానిని ఆత్మగౌరవానికి చిహ్నంగా మార్చింది. తరువాత వచ్చిన యంత్రం ఈ వాద్యకారుల బతుకుతెరువును తీసేసిందనడం ఎంత నిజమో, ఇష్టం లేని పనినుంచి కొందరిని తప్పించిందనడమూ అంతే నిజం. ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుని రాసిన రచనలు ఎక్కువ కావడం విచారకరం.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ ధ్వని సాధనాల ప్రవేశం సంపన్న సంస్థల ద్వారా జరిగింది. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో ఒక చిన్న స్టూడియో నెలకొల్పాడు. సింథసైజర్ అంటే విద్యుత్ కంపనాలను పుట్టించి, వాటిని వడగట్టి, మలిచి స్వరంగా మార్చే వాద్యం. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్, జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన టీఆర్-808 తాళయంత్రం, టీబీ-303 మంద్రయంత్రం, జుపిటర్-8 సింథసైజర్ తీసుకుని, పది రాగాలను డిస్కో తాళం మీద వినిపించే ఎల్పీ రికార్డు చేశాడు. అది అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, షికాగోలో తరువాత పుట్టిన ఆసిడ్ హౌస్ పద్ధతికి ఇది ముందే దగ్గరగా ఉందని పాశ్చాత్య శ్రోతలు విస్తుపోయారు. ఈ రెండు ప్రయత్నాలూ పీఠభూమి దాకా రాలేదు. ఇక్కడికి ఎలక్ట్రానిక్ ధ్వని వచ్చింది టూరింగ్ టాకీసుల్లోంచి, క్యాసెట్ అంగళ్లలోంచి.

అంటే మద్రాసు నుంచి. 1983లో మిడి అనే ఏర్పాటు అమలులోకి వచ్చి, వేరువేరు కంపెనీల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. మిడి తీగ గుండా ప్రవహించేది ధ్వని కాదు, ఆజ్ఞలు: ఏ స్వరం, ఎప్పుడు మొదలు, ఎంత బలంగా, ఎప్పుడు ఆపాలి అన్న వివరాలు మాత్రమే. బలాన్ని 0 నుంచి 127 వరకు అంకెలతో తెలిపే ఈ పద్ధతి వల్ల ఒక మనిషి వాయించినదాన్ని యంత్రం గుర్తుంచుకుని, తప్పులు దిద్ది, కోరినన్నిసార్లు మళ్లీ వాయించగలుగుతుంది. ఆ గుర్తుంచుకునే యంత్రాన్ని సీక్వెన్సర్ అంటారు. 1986లో ఇళయరాజా స్వరపరచిన తమిళ చిత్రం పున్నగై మన్నన్, మన సినిమాల్లో సీక్వెన్సర్‌ను వాడిన తొలి చిత్రాల్లో ఒకటిగా పేరు పొందింది. అదే తెలుగులో డాన్స్ మాస్టర్‌గా వచ్చింది. రాజ్-కోటి జంట తెలుగు సినిమా పాటకు కీబోర్డు, ఎలక్ట్రానిక్ డ్రమ్ముల ఊపును అలవాటు చేసింది. వారి దగ్గర కీబోర్డు వాయించినవారిలో తరువాత ఏ.ఆర్. రెహమాన్‌గా ప్రసిద్ధుడైన దిలీప్ ఒకడు.

రెహమాన్ 1989 ప్రాంతంలో కోడంబాకంలోని తన ఇంటి ఆవరణలో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో కట్టుకున్నాడు. 1992 నాటి రోజా పాటలు అక్కడే రూపొందాయి. అప్పటివరకు సినిమా పాట అంటే యాభై అరవై మంది వాద్యకారులు ఒకే హాల్లో కూర్చుని, ఒక్క పూటలో వాయించి ముగించే పని. రెహమాన్ పద్ధతిలో అది ఒక గదిలో పొరమీద పొర వేస్తూ, రాత్రుళ్లు సాగే ఒంటరి పని అయింది. 1994లో ప్రేమికుడు పాటలు తెలుగు పల్లెల పెళ్లి పందిళ్ల దాకా వచ్చి, మైకుసెట్టు వాళ్ల పెట్టెల్లో చోటు సంపాదించాయి. ఇంటి దగ్గర కూర్చుని ఆటపాట చేయవచ్చునన్న భావానికి దక్షిణాదిలో దొరికే మొదటి పెద్ద దృష్టాంతం ఇదే. అయితే ఆ ఇంటి పరికరాల ఖరీదు సామాన్యుడికి అందనిది కాబట్టి, భావం వచ్చినా పని రావడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల నడిమి కాలంలో పీఠభూమి జాతరల్లో ఆర్కెస్ట్రాలు, రికార్డింగ్ డ్యాన్సులు రాజ్యమేలాయి. సన్నాయి మేళం, బ్యాండు మేళం నడిచిన చోట ఒక కీబోర్డు, ఒక ప్యాడు వచ్చి చేరాయి. ప్యాడు అంటే రోలాండ్ 1985లో ఆక్టాప్యాడ్ పేరుతో తెచ్చిన సాధనం, దాని తరువాతి వారసులు: ఎనిమిది రబ్బరు పలకలు, ఒక్కోదాని మీద పుల్లతో కొడితే ఒక్కో ధ్వని. డోలు, తబలా, డ్రమ్ము, తప్పెట, చప్పట్లు అన్నీ ఒకే పెట్టెలోంచి వస్తాయి. ప్యాడు వాయించేవాడికి ఇంకా చేయి కావాలి, కాలజ్ఞానం కావాలి. కాని నలుగురైదుగురు వాద్యకారుల పనిని అతడొక్కడే చేయగలిగాడు. చరిత్రకారులు దీన్ని చిన్నచూపు చూస్తారు గాని, తప్పెటకూ కంప్యూటరుకూ నడుమ వారధి ఈ ప్యాడే.

ఇక ఇంటి కంప్యూటరు. 1997 డిసెంబరులో బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ ఫ్రూటీలూప్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది; 2003లో దాని పేరు ఎఫ్ఎల్ స్టూడియోగా మారింది. 1996లో జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ అనే పద్ధతిని తెచ్చి, క్రమంగా ప్రతిధ్వని పెట్టెలు, సింథసైజర్లు వంటి యంత్రాలను సాఫ్ట్‌వేర్ రూపంలో కంప్యూటరులోనే అమర్చుకునే వీలు కల్పించింది. ఇంజనీరింగు చదువు కోసం తెలుగు జిల్లాల మధ్యతరగతి ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన కాలమూ ఇంచుమించు ఇదే. 2016లో జియో రాకతో డేటా చౌక కావడంతో పాఠాలు, ధ్వనుల మూటలు, తయారైన పాటలు పల్లె నుంచి పల్లెకు ఫోన్లలో చేరసాగాయి. కంప్యూటరు లేనివాడు ఫోనులోని ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్‌తోనే పని మొదలుపెట్టాడు.

ఈ సాఫ్ట్‌వేర్‌లో గుండెకాయ వంటి భాగం స్టెప్ సీక్వెన్సర్. ఒక్కో వాద్యానికి ఒక్కో వరుస, వరుసకు పదహారు గళ్లు; ఏ గడిని నొక్కితే ఆ క్షణంలో ఆ వాద్యం మోగుతుంది, నొక్కని గడి మౌనం. ధర్మవరం పట్టు మగ్గం మీద జాకార్డు అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేచి, లేనిచోట లేవకుండా అంచు డిజైను ఎలా పునరావృతమవుతుందో, ఈ గళ్లలో దరువు అలాగే పునరావృతమవుతుంది. పోలిక ఊరికే కుదిరినది కాదు: 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జాకార్డ్ నిర్మించిన ఆ చిల్లుల అట్టల నుంచే గణనయంత్రాలకు ఆజ్ఞలివ్వడమనే ఊహ ఎదిగింది. ధర్మవరంలో నేతగాళ్లు తరాలుగా చేస్తున్నది ప్రోగ్రామింగే.

అయితే పదహారు గళ్ల పలకకూ పీఠభూమి దరువుకూ నడుమ ఒక చిక్కు ఉంది. పాశ్చాత్య నృత్యసంగీతం చతురస్రం: ఒక ఆవృత్తంలో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు నాలుగు భాగాలు, వెరసి పదహారు. తప్పెట మీద జనాన్ని ఆడించే దరువుల్లో ఎక్కువ భాగం తిస్రం: ఒక దెబ్బకు మూడు భాగాలు. హైదరాబాదులో నిజాం సైన్యంలోని ఆఫ్రికా, అరబ్బు సంతతివారి మర్ఫా వాద్యం నుంచి ఎదిగి, ఇప్పుడు తెలుగునాట అంతటా పాకిన తీన్మార్ నడక కూడా మూడింటినే ఆశ్రయిస్తుంది. నిమిషానికి 128 దెబ్బల వేగంలో ఒక దెబ్బ నిడివి సుమారు 0.47 సెకను. దాన్ని నాలుగుగా చీలిస్తే గడికి 0.117 సెకను, మూడుగా చీలిస్తే 0.156 సెకను. కొత్తవాడు తప్పెట ధ్వనులను పదహారు గళ్లలోనే ఇరికించబోతే దరువు కుంటుతుంది. అడుగు పడవలసిన చోట పడదు, ఎక్కడ చెడిందో వినేవాడు చెప్పలేకపోయినా ఆట ఆగిపోతుంది. అనుభవం వచ్చినవాడు గళ్లను పన్నెండుకు మార్చి, నాలుగు దెబ్బలకూ యంత్రపు మంద్రధ్వనిని వేసి, ఆ నాలుగింటి నడుమ మూడేసి చొప్పున తప్పెటను అల్లుతాడు. అప్పుడు ఒకే పాటలో కాలు చతురస్రపు దెబ్బ మీద పడుతుంది, నడుము తిస్రం మీద తిరుగుతుంది. తెలుగు డీజే పాటను యూరపు నృత్యశాల పాటతో పోల్చి తక్కువ చేసేవారు ఈ మేళవింపును గమనించినట్టు లేదు. అక్కడి పాటకు లేని కష్టం ఇక్కడి పాటకు ఉంది.

ఈ పనిలో తిరిగే మాటలు కూడా దాని పుట్టుకను పట్టిస్తాయి. తప్పెట లూప్ అంటే వాయించిన ఒకటి రెండు ఆవృత్తాలను రికార్డు చేసి, కత్తిరించి, చక్రంలా తిప్పే ముక్క. శాంపిల్ అంటే ఒక్క దెబ్బ ధ్వని. ఒక సినిమా పాటనో జానపద గీతాన్నో తీసుకుని, గొంతును విడదీసి, వేగం పెంచి, కొత్త దరువు మీద కూర్చడాన్ని మిక్స్ అంటారు; రోడ్‌షో మిక్స్, తీన్మార్ మిక్స్, డప్పు మిక్స్, పియానో మిక్స్, కాంగో మిక్స్ వంటి పేర్లు దాని రకాలు. వీటిలో రోడ్‌షో అన్నది ఊరేగింపుకే పుట్టిన పేరు. పాశ్చాత్య పద్ధతిలో దరువును కాసేపు ఆపి, ధ్వనిని క్రమంగా పెంచి, ఒక్కసారిగా మంద్రాన్ని వదిలే ఘట్టాన్ని డ్రాప్ అంటారు. తెలుగు మిక్సుల్లో ఆ ఆపిన చోట తరచూ కథానాయకుడి డైలాగు వచ్చి కూర్చుంటుంది. వీధినాటకంలో పాత్రప్రవేశానికి ముందు వచన సంవాదం పలికి, పిమ్మట దరువు ఎత్తుకునే పద్ధతికి ఇది దగ్గర చుట్టమేమో అనిపించక మానదు.

పోగొట్టుకున్నదీ ఉంది. తప్పెట ధ్వని గంటగంటకూ మారుతుంది: తోలు చల్లబడితే స్థాయి దిగుతుంది, మంట దగ్గర కాస్తే లేస్తుంది, అలసిన చేయి ఒకలా, ఊపు మీదున్న చేయి మరొకలా పలికిస్తుంది. లూప్‌లో రికార్డు చేసిన ఆ రెండు ఆవృత్తాల క్షణమే తెల్లవారేదాకా తిరుగుతుంది. ఉరుము విషయంలో నష్టం ఇంకా పెద్దది. దాని జారుడు ధ్వనిని శాంపిల్‌గా పట్టి, వేరే వేగంలోకి సాగదీస్తే మూలుగు మిగులుతుంది గాని, పుల్ల ఒత్తిడితో పాటు మారే బిగువు మిగలదు. సింథసైజర్‌లో స్వరాన్ని స్వరంలోకి జార్చే ఏర్పాటు ఉంది కాబట్టి ఉరుమును మొదటినుంచి యంత్రంలోనే నిర్మించవచ్చు. అందుకు చెవి, ఓపిక కావాలి. జాతరకు రెండు రోజుల ముందు మిక్స్ అడిగే గిరాకీకి అంత సమయం ఉండదు.

పీఠభూమి పేరు ఈ ప్రపంచ సంగీతంలో మరో వైపు నుంచి కూడా వినిపిస్తుంది. అమెరికా జాజ్ విద్వాంసురాలు అలిస్ కోల్ట్రేన్ 1983లో కాలిఫోర్నియాలో నెలకొల్పిన ఆశ్రమానికి తరువాత పుట్టపర్తి సత్యసాయిబాబా పేరు మీద సాయి అనంతం అని పేరు పెట్టింది. సంస్కృత భజనలను సింథసైజర్ మీద వాయిస్తూ, పాడుతూ ఆమె చేసిన క్యాసెట్లు మొదట ఆశ్రమవాసుల కోసం ఉద్దేశించినవి. 2017లో లువాకా బాప్ సంస్థ వాటిలోంచి ఒక సంకలనం వెలువరించాక ఎలక్ట్రానిక్ సంగీతకారుల్లో వాటికి పెద్ద పేరు వచ్చింది. కంప్యూటరు మీద పాటలు కట్టి 2010లో కాస్మోగ్రామా అనే ఆల్బమ్‌తో ప్రసిద్ధుడైన ఫ్లయింగ్ లోటస్ ఆమె చెల్లెలి మనుమడు. పుట్టపర్తికి, నార్పల ఊరేగింపు దరువుకు నడుమ ఉన్న దూరాన్ని ఈ సంగతి తగ్గించదు. ఒకే నేల పేరు రెండు వేరువేరు ఎలక్ట్రానిక్ సంగీతాలకు తగిలిందని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది.

ఇంట్లో పుట్టిన పాట చేరేది డీజే బండికి. లారీ మీదో ట్రాక్టరు ట్రాలీ మీదో స్పీకర్లు నిలువుగా పేర్చి, జనరేటరు కట్టి, రంగుల లైట్లు అమర్చి నడిపే ఈ బండి వినాయక నిమజ్జనానికి, పెళ్లి ఊరేగింపుకు, పీర్ల పండుగకు, రాజకీయ విజయోత్సవానికి ఒకేలా పనికొస్తుంది. మంద్రధ్వనిని మోసే పద్దెనిమిది అంగుళాల స్పీకర్లే ఇందులో ముఖ్యం. యాభై హెర్ట్జుల ధ్వని, అంటే సెకనుకు యాభై కంపనాలు చేసేది, గాలిలో ఏడు మీటర్ల పొడవైన తరంగంగా సాగుతుంది. అంత పొడవు తరంగాన్ని మట్టిగోడ, రేకుల కప్పు ఆపలేవు. చిన్న హెడ్‌ఫోన్‌లో ఆ మంద్రం అంతగా తెలియదు కాబట్టి, ఇంటి గదిలో దానితో సరిచూసిన పాట బండెక్కాక వేరేగా మోగుతుంది. అనుభవజ్ఞులు హెడ్‌ఫోన్‌ను నమ్మక, పాటను ఒకసారి బండి మీద వేసి విని, మంద్రాన్ని తగ్గించుకుని గాని బయట పెట్టరు.

చట్టం ఈ చప్పుడుకు ముందే గీత గీసింది. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు; 2005 జూలైలో సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ల నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. 2024లో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే వ్యవస్థలను నిషేధించారు.

అదే 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక పింఛన్లను పెంచినప్పుడు డప్పు కళాకారుల నెలసరి పింఛను 3000 రూపాయల నుంచి 4000 రూపాయలకు చేరింది. పింఛను జాబితాలో వాద్యకారుడి పేరు ఉంటుంది, లూప్‌లో ఉండదు. మిక్స్ మొదట్లోనూ మధ్యమధ్యలోనూ ఒక గొంతు తయారుచేసినవాడి పేరును, అతడి ఊరిని ప్రకటిస్తూనే ఉంటుంది, ఎవరూ దొంగిలించకుండా వేసుకున్న ముద్ర అది. ఆ పాటను ఆడిస్తున్న తప్పెట దెబ్బలు ఎవరి చేతివో, ఏ ఊరివో, రికార్డు చేసినందుకు ఆ మనిషికి ఏమైనా ముట్టిందో లేదో ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడికీ హక్కు ఇచ్చింది. 2012 సవరణ తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకునే నైతిక హక్కును కూడా చేర్చింది. సినిమా పాట యజమానులు తమ హక్కును కాపాడుకోవడానికి యూట్యూబ్‌లో యంత్రాలనే కాపలా పెట్టారు, మిక్సులు తరచూ తొలగిపోతుంటాయి. తప్పెట వాద్యకారుడి తరఫున అటువంటి కాపలా లేదు కాబట్టి, అతడి రెండు ఆవృత్తాలు ఒక ఫోను నుంచి మరో ఫోనుకు, ఒక మిక్స్ నుంచి మరో మిక్స్‌కు పేరు లేకుండానే తిరుగుతున్నాయి.